అకిలిస్ నొప్పి పూర్తిగా పోలేదు, హాఫ్ మారథాన్‌కి 16 వారాలుంది: ఎంత పరిగెత్తాలి, ఎప్పుడు ఆపాలి?

మెల్లపరుగు:

నమస్తే అండీ. వివరాలు సూటిగా పెడుతున్నాను.

ఎడమ కాలి అకిలిస్ టెండన్‌లో (పిక్క కండను మడమ ఎముకకు కలిపే స్నాయువు) నొప్పి మొదలై పది వారాలైంది. మడమ ఎముకకు సుమారు 4 సెం.మీ. పైన, రెండు వేళ్లతో నొక్కితే కాస్త ఉబ్బుగా తగులుతుంది. టెండన్ తెగలేదు, టెండినోపతీ (టెండన్ దెబ్బతిని నొప్పి పెట్టే స్థితి) అని ఫిజియో తేల్చారు. అంతకుముందు వారానికి 40 కి.మీ., అందులో పొడవైన రన్ 16 కి.మీ. నాలుగు వారాలు పరుగు పూర్తిగా ఆపేస్తే నొప్పి పోయింది. తర్వాత ఒక్కసారి 5 కి.మీ. పరిగెత్తగానే మర్నాడు మళ్లీ మొదటికొచ్చింది. పొద్దున మంచం దిగగానే ఓ పది నిమిషాలు బిగుసుకుని ఉంటుంది, నడిచే కొద్దీ వదులవుతుంది.

అడగాల్సినవి నాలుగు. నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగాలా, కొంత నొప్పితో పరిగెత్తవచ్చా? వ్యాయామాలు ఏవి, ఎంత బరువుతో? ఈలోగా దమ్ము పడిపోకుండా ఏం చేయాలి? 16 వారాల్లో 21.1 కి.మీ. సాధ్యమేనా?

---

పిక్కబలం:

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. నాలుగు వారాలు ఆపితే నొప్పి పోయింది, 5 కి.మీ.కే తిరిగొచ్చింది. విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది గానీ టెండన్‌కి బలం రాదు, ఉన్న బలం కూడా కొంత పోతుంది. పరుగులో ప్రతి అడుగుకీ అకిలిస్ మీద శరీర బరువుకు దాదాపు ఆరు రెట్లు భారం పడుతుంది. నాలుగు వారాలు ఖాళీగా ఉన్న టెండన్ మీద ఒక్కసారిగా 5 కి.మీ. వేస్తే, ఒక్క ఎడమ కాలికే రెండున్నర వేల అడుగులు పైమాటే. అది ఓర్చుకోదు.

కాబట్టి నొప్పి సున్నా అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఎంత నొప్పి ఒప్పుకోవచ్చో, దాన్ని ఎప్పుడు కొలవాలో తెలిస్తే చాలు. సిల్బర్నాగెల్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో రెండు జట్లకూ ఒకే వ్యాయామాలు ఇచ్చారు. ఒక జట్టును మొదటి ఆరు వారాలు పరుగు, గెంతులు మానమన్నారు. రెండో జట్టును నొప్పిని కొలుచుకుంటూ కొనసాగించమన్నారు. ఏడాది తర్వాత చూస్తే కొనసాగించిన వాళ్లేమీ వెనకబడలేదు. వాళ్లు వాడిన కొలత ఇప్పటికీ అందరూ వాడేదే:

సున్నా నుంచి పది వరకు మార్కు వేసుకోండి. పరిగెత్తేటప్పుడు 2 లోపు ఉంటే నిశ్చింత. 5 దాకా ఒప్పుకోవచ్చు, కానీ మర్నాడు పొద్దుటికల్లా మామూలు స్థాయికి దిగిపోవాలి. వారం వారం చూసుకుంటే పొద్దుటి మార్కు పెరగకూడదు.

ఇందులో అసలు కీలకం మర్నాటి పొద్దున. అకిలిస్ పరుగు మధ్యలో అబద్ధం చెబుతుంది. ఒళ్లు వేడెక్కాక నొప్పి మాయమవుతుంది, “తగ్గిపోయిందిలే” అనుకుని ఇంకో రెండు కి.మీ. లాగిస్తాం. నిజం ఏమిటన్నది 24 గంటల తర్వాతే బయటపడుతుంది. అందుకని రోజూ ఒకే సమయానికి, మంచం దిగిన అయిదు నిమిషాల్లోపు, ఎడమ కాలి మీద ఒంటిగా నిలబడి పది సార్లు మునివేళ్ల మీదికి లేవండి. వచ్చిన నొప్పికి మార్కు, బిగువు ఎన్ని నిమిషాలుందో ఆ అంకె, రెండూ రాసి పెట్టుకోండి. 16 వారాలూ మీ నిర్ణయాలన్నీ ఈ రెండు అంకెల మీదే నడుస్తాయి. ఫోన్ యాప్ ఇచ్చే రికవరీ స్కోరు దీనికి పనికిరాదు, దానికి మీ మడమ సంగతి తెలియదు.

ఇక వ్యాయామం. పాత పద్ధతి స్వీడన్ సర్జన్ ఆల్ఫ్రెడ్సన్‌ది, 1998 నాటిది: మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించడం. మోకాలు చాపి 15 చొప్పున మూడు సెట్లు, మోకాలు వంచి మూడు సెట్లు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. రోజుకు 180 అన్నమాట. పనిచేస్తుంది గానీ ఓపికగా చివరిదాకా చేసేవాళ్లు తక్కువ. 2015లో డెన్మార్క్‌లో బేయర్ బృందం దీన్ని, భారీ బరువుతో మునివేళ్ల మీదికి లేచి దిగడాన్ని వారానికి మూడు రోజులే చేసే పద్ధతితో పోల్చింది. ఫలితం రెండింటిలోనూ దగ్గరదగ్గరే. మూడు రోజుల పద్ధతిని మాత్రం జనం ఎక్కువ క్రమంగా చేశారు. రన్నర్లకు నేను చెప్పేది అదే, ఎందుకంటే మిగతా రోజుల్లో పరుగుకు చోటు దొరుకుతుంది.

వారం 1: మూడు సెట్లు, 15 చొప్పున.
వారాలు 2, 3: మూడు సెట్లు, 12 చొప్పున.
వారాలు 4, 5: నాలుగు సెట్లు, 10 చొప్పున.
వారాలు 6 నుంచి 8: నాలుగు సెట్లు, 8 చొప్పున.
వారాలు 9 నుంచి 12: నాలుగు సెట్లు, 6 చొప్పున.

సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. బరువు ఎంత అంటే, చెప్పిన సంఖ్య పూర్తయ్యాక ఇంకొకటి చేయలేనంత. 12 అన్నచోట హాయిగా 18 చేయగలుగుతున్నారంటే బరువు చాలనట్టే. పైకి మూడు సెకన్లు, కిందికి మూడు సెకన్లు. నిలబడి చేసేది ఒకటి, కూర్చుని మోకాలు 90 డిగ్రీలు వంచి చేసేది ఒకటి, రెండూ ఉండాలి. మోకాలు చాపితే పిక్కలో పైకి కనిపించే కండ పనిచేస్తుంది. వంచితే దాని కింద దాగి ఉన్న సోలియస్ మీద పడుతుంది. పరుగులో మోకాలు ఎప్పుడూ కాస్త వంగే ఉంటుంది కనుక భారంలో ఎక్కువ భాగం సోలియస్ మోస్తుంది, చాలామంది వదిలేసేదీ దాన్నే. జిమ్ లేకపోతే నిలబడి చేసేదానికి ఒంటికాలు, వీపున బరువు నింపిన సంచి సరిపోతాయి. కూర్చుని చేసేదానికి ఇంట్లో తగినంత బరువు దొరకడం కష్టం. మొదటి నెల దాటాక మెషీనే మేలు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: పైకి లేచేటప్పుడు కాలు చిటికెన వేలి వైపు దొర్లిపోవడం (భారం బొటనవేలి కింది మెత్త మీదే ఉండాలి), కింద తాకగానే స్ప్రింగులా ఎగరడం, గోడను చేతులతో గట్టిగా తోసి బరువు తగ్గించుకోవడం, అలసిపోయాక పూర్తి ఎత్తుకు లేవకుండా లెక్క ముగించేయడం. చివరిదాన్ని అద్దంలో చూసుకుంటే తప్ప గుర్తించలేం.

ఒక షరతు. ఇదంతా టెండన్ మధ్యభాగంలో, ఎముకకు 2 నుంచి 6 సెం.మీ. పైన వచ్చే నొప్పికి. మీది అదే. ఇది చదివే మిగతావాళ్లకు నొప్పి సరిగ్గా మడమ ఎముకను అతుక్కునే చోట ఉంటే మెట్టు అంచున మడమను కిందికి దించకండి, నేల మీదే చేయండి. పిక్క సాగదీయడం కూడా ఆపండి. ఆ చోట మడమ కిందికి దిగినప్పుడల్లా టెండన్ ఎముకకు నొక్కుకుని రాజుకుంటుంది.

---

ఒంటికాలి_కొంగ:

పై జవాబుకు పరుగు వైపు నుంచి కొనసాగింపు.

మొదలుపెట్టే ముందు మూడు గడపలు దాటాలి. 30 నిమిషాలు చురుగ్గా నడిచినా మర్నాడు పొద్దుటి మార్కు కదలకూడదు. ఎడమ కాలి మీద కనీసం 15 కాఫ్ రైజ్‌లు (మునివేళ్ల మీదికి లేవడం) నొప్పి 3 దాటకుండా రావాలి. రెండు కాళ్ల మీద ఉన్నచోటే 20 చిన్న గెంతులు కుంటకుండా వేయగలగాలి. మూడూ అయితేనే మొదటి మెట్టు:

మెట్టు 1: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు.
మెట్టు 2: 2 పరుగు, 2 నడక, 7 సార్లు.
మెట్టు 3: 3 పరుగు, 1 నడక, 6 సార్లు.
మెట్టు 4: 5 పరుగు, 1 నడక, 5 సార్లు.
మెట్టు 5: 10 పరుగు, 1 నడక, 3 సార్లు.
మెట్టు 6: 30 నిమిషాలు ఆగకుండా.

ప్రతి మెట్టూ కనీసం రెండుసార్లు. రెండుసార్లూ పొద్దున శుభ్రంగా ఉంటేనే పైమెట్టు. వారానికి మూడు రోజులే, ఎప్పుడూ వరుసగా రెండు రోజులు వద్దు. కారణం ఉంది. గట్టి భారం పడ్డాక మొదటి ఒకటి ఒకటిన్నర రోజు టెండన్‌లో కొల్లాజెన్ (టెండన్‌కి బలమిచ్చే ప్రోటీన్) కట్టుకోవడం కన్నా కరగడం ఎక్కువ. ఆ తర్వాతే లెక్క లాభంలోకి వస్తుంది. నష్టంలో ఉన్నప్పుడే మళ్లీ పరిగెత్తితే అప్పు మీద అప్పు.

బరువుల రోజును ఎక్కడ పెట్టాలన్నది అందరూ తడబడే చోటు. సోమవారం పరుగు, మంగళవారం బరువులు, బుధవారం పరుగు అని పెడితే టెండన్‌కి ఒక్క రోజూ దొరకదు. పొద్దున పరుగు, సాయంత్రం బరువులు, రెండూ ఒకే రోజున. మర్నాడు సైకిలో ఈతో. సోమ, బుధ, శుక్ర గట్టివి, మిగతావి తేలిక. కాళ్లకు ఆ రోజు భారంగానే ఉంటుంది గానీ టెండన్‌కి దాదాపు 36 గంటలు దొరుకుతాయి.

వేగం అన్నిటికన్నా చివర. దూరం కన్నా వేగమే అకిలిస్‌ని ఎక్కువ గుంజుతుంది, ఎత్తుపల్లాల్లో ఎక్కడం కూడా అంతే. 30 నిమిషాలు ఆగకుండా పరిగెత్తడం రెండు వారాలు సాగాకే 20 సెకన్ల స్ట్రైడ్లు (కొద్దిసేపు వేగం పెంచి తీసే పరుగు) నాలుగు వేయండి. అవి రెండు వారాలు కుదిరాకే టెంపో (నిలకడగా సాగే వేగపు పరుగు). కొండ ఎక్కడాలు ఈ రేసు అయ్యేదాకా మర్చిపోండి. మెత్తటి ఇసుక అసలే వద్దు, మడమ కూరుకుపోయి టెండన్ ప్రతి అడుగుకీ సాగుతుంది. ట్రెడ్‌మిల్ సురక్షితం అనుకోవడం కూడా పొరపాటే. కొలిచి చూసినప్పుడు అకిలిస్ మీద భారం నేల మీద కన్నా కొంత ఎక్కువే వచ్చింది. వాడితే వాలు సున్నాలో పెట్టి వాడండి.

“నిమిషానికి అడుగుల సంఖ్య పెంచు, గాయం పోతుంది” అని ఎవరో ఒకరు చెబుతారు. మోకాలి నొప్పికి 5 నుంచి 10 శాతం పెంచడం బాగా పనికొస్తుంది. అకిలిస్‌కి అంత లాభం ఉండదు. మడమ ఆనించడం మానేసి మునికాలి మీద పరిగెత్తడం మొదలుపెడితే మాత్రం కచ్చితంగా చెడుతుంది, భారం మోకాలి నుంచి దిగి నేరుగా పిక్క మీదికి వస్తుంది.

---

రాత్రి_షిఫ్ట్:

కొంచెం అడ్డు వస్తున్నాను. “5 దాకా నొప్పి ఒప్పుకోవచ్చు” అన్నది టెండన్‌కి మాత్రమే. ఇది చదివి షిన్‌లోనో (మోకాలి కింద ముందువైపు ఎముక) పాదంలోనో నొప్పి ఉన్నవాళ్లు అదే సూత్రం పట్టుకుంటే ప్రమాదం. ఎముకలో ఒత్తిడి గాయం ఉంటే ఒప్పుకోదగ్గ నొప్పి సున్నా.

తేడా పట్టుకోవడం ఇలా. టెండన్ మొదట్లో నొచ్చి, వేడెక్కాక తగ్గుతుంది. ఎముక పరిగెత్తే కొద్దీ పెరుగుతుంది. టెండన్ నొప్పి బెత్తెడంత చోట ఉంటే, ఎముక నొప్పిని ఒక్క వేలి కొనతో చూపించవచ్చు, సరిగ్గా ఎముక మీదే. రాత్రి పడుకున్నాక సలుపు, ఒంటికాలి మీద గెంతితే గుచ్చినట్టు నొప్పి, ఇవి రెండూ ఎముక వైపు వేలు చూపుతాయి. గజ్జలో లోతుగా నొప్పి వస్తే పరుగు ఆ క్షణమే ఆపాలి. తొడ ఎముక మెడ దగ్గర పగులు కావచ్చు, అది విరిగితే ఆపరేషనే. పాదం పైభాగాన మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముక, షిన్ ముందు అంచు, అయిదో మెటటార్సల్ (చిటికెన వేలి వైపు పాదపు పొడవాటి ఎముక) మొదలు, ఇవన్నీ మానడానికి మొండికేసే చోట్లు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని నిశ్చింతగా ఉండకండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకి చాలా పగుళ్లు దొరకవు, ఎమ్మారైలో కనబడతాయి. ఒకే ఏడాదిలో రెండోసారి వస్తే తిండి సరిపోతోందా, ఆడవాళ్లకైతే నెలసరి సక్రమంగా వస్తోందా, విటమిన్ డి ఎంత, ఇవన్నీ డాక్టరుతో చూపించుకోవాల్సిందే.

మందుల గురించి రెండు ముక్కలు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినలోన్ యాంటీబయాటిక్‌లు టెండన్‌ను దెబ్బతీయగలవు, తెంచేయనూ గలవు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటి మీద బాక్స్ హెచ్చరిక (అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక) పెట్టించింది. ఏ జ్వరానికో డాక్టరు దగ్గరికెళ్తే అకిలిస్ సమస్య ఉందని ముందే చెప్పండి. రాసిచ్చాక మీ అంతట మీరు ఆపేయకుండా, వేరేది ఉందేమో అడగండి. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుంది, తెగే ముప్పు తెస్తుంది. రేసుకు ముందు అసలు వద్దు.

పరుగులో వెనక నుంచి ఎవరో తన్నినట్టు, ‘టప్’మని చప్పుడైనట్టు అనిపించి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే ఇక మార్కుల లెక్కలు లేవు. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిసికితే పాదం కిందికి కదలాలి. కదలకపోతే టెండన్ తెగినట్టే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

---

నీటిలో_మైళ్లు:

దమ్ము సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక.

బాగా శిక్షణలో ఉన్నవాళ్లు పూర్తిగా ఆపేస్తే మూడు వారాల్లో వీవోటూ మాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) సుమారు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. నిలబెట్టుకోవడానికి గంటలు గంటలు తొక్కక్కర్లేదు. నిమిషాలు తగ్గినా ఫరవాలేదు, తీవ్రత తగ్గకూడదు. వారానికి రెండు గట్టి సెషన్లు, ఒక పొడవాటి తేలిక సెషన్ చాలు. గట్టిదంటే 10 నిమిషాల వార్మప్, తర్వాత మాట రెండు ముక్కలకు మించి రానంత జోరుగా 4 నిమిషాలు, 2 నిమిషాలు తేలిక, ఇలా అయిదు సార్లు.

సైకిల్ మంచిదే గానీ మొదటి రెండు వారాలు పెడల్‌ను మునికాలితో కాక పాదం మధ్యభాగంతో తొక్కండి. సీటు మరీ ఎత్తుగా ఉంటే కాలు కిందికి అందుకోవడానికి చీలమండ పనిచేస్తుంది, అర అంగుళం దించండి. లేచి నిలబడి తొక్కడం వద్దు. లోతు నీటిలో నడుముకు బెల్టు కట్టుకుని చేసే పరుగు అన్నిటికన్నా పరుగుకు దగ్గర, టెండన్ మీద దాదాపు ఏ బరువూ పడదు. అదే శ్రమకు నీటిలో గుండె వేగం నిమిషానికి 10 దాకా తక్కువ చూపిస్తుంది. వాచీ అంకె వెంట పడితే అతిగా చేస్తారు, ఆయాసాన్నే కొలతగా పెట్టుకోండి. ఈతలో ఒక చిన్న తిరకాసు: ప్రతి మలుపులోనూ గోడను కాళ్లతో తన్నడం అకిలిస్‌కి గెంతుతో సమానం. మెల్లగా తిరగండి.

స్కిప్పింగ్ తాడు మాత్రం పరుగుకు ప్రత్యామ్నాయం కాదు. పరుగులో తొడ, తుంటి పంచుకునే భారం కూడా అందులో పిక్క మీదే పడుతుంది.

---

మెల్లపరుగు:

చాలా థాంక్స్ అండీ. కొలిచాను. ఒంటికాలి కాఫ్ రైజ్‌లు కుడి 24, ఎడమ 16, నొప్పి 2. నడక, గెంతులు సరే. మెట్టు 1 రెండుసార్లు అయింది, పొద్దుటి మార్కు 2 దగ్గరే ఉంది. మెట్టు 2 తర్వాత మర్నాడు 4 వచ్చింది, బిగువు 25 నిమిషాలు. ఆ ముందు సాయంత్రం బరువులు కూడా పెంచాను. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచా? ఇంకోటి, బూట్లలో మడమ కింద పెట్టే ప్యాడ్ వాడొచ్చా?

---

పిక్కబలం:

మొదటి నుంచి అక్కర్లేదు. ఒక్కరోజు మార్కు పెరగడం గాయం తిరగబెట్టడం కాదు, మోతాదు ఎక్కువైందన్న కబురు. పరుగు, బరువులు రెండూ ఒకే రోజు చేయడం సరైనదే, కానీ రెండింటినీ ఒకే రోజు *పెంచారు*. అందుకే ఏది కారణమో ఇప్పుడు తెలియడం లేదు. ఒక వారంలో ఒక్క మీటే తిప్పాలి.

చేయాల్సింది: పొద్దుటి మార్కు 2కి దిగేదాకా పరుగు, బరువులు ఆపి, నడక ఉంచండి. మామూలుగా రెండు మూడు రోజులు. నొప్పి లాగుతుంటే బరువుల బదులు, మడమను సగం ఎత్తి కదలకుండా 45 సెకన్లు పట్టుకోవడం అయిదు సార్లు చేయండి, కొందరికి నొప్పి కాస్త నెమ్మదిస్తుంది. తర్వాత పాత బరువుతో, మెట్టు 1 ఒక్కసారి చేసి, శుభ్రంగా ఉంటే మెట్టు 2. వారం దాటినా 4 దగ్గరే కూర్చుంటే ఫిజియో దగ్గరికి వెళ్లాలి.

ఎడమ 16, కుడి 24 అంటే మూడో వంతు తేడా. ఈ తేడా 10 శాతం లోపుకు వచ్చేదాకా స్ట్రైడ్ల జోలికి పోవద్దు. బరువులు ఒక్కో కాలికి విడిగా చేయండి. రెండు కాళ్లతో చేస్తే కుడికాలు దొంగచాటుగా పని లాగేసుకుంటుంది.

ప్యాడ్ వాడొచ్చు. 10 మి.మీ. చుట్టుపక్కల, గట్టిది, నొక్కితే అణిగిపోయే జెల్ కాదు. రెండు బూట్లలోనూ పెట్టండి, లేకపోతే ఒక కాలు పొడవై నడుము పట్టేస్తుంది. పెట్టాక మడమ పైకి లేచి బూటులోంచి జారుతోందేమో చూడండి, వెనక అంచు ఒరుసుకుంటే మరో తలనొప్పి. 30 నిమిషాల పరుగు కుదిరాక వారానికి సగం చొప్పున తీసేయండి. బూటు మడమకూ మునికాలికీ ఎత్తు తేడా 8 నుంచి 12 మి.మీ. ఉన్నది మీకిప్పుడు నయం. తేడా లేని చదును బూట్లు ఈ సీజన్‌కి అటక మీద పెట్టండి.

---

ఒంటికాలి_కొంగ:

రేసు ప్రశ్న మిగిలిపోయింది. లెక్క వేసి చూద్దాం.

ఆరు మెట్లు, ఒక్కోటి రెండుసార్లు, వారానికి మూడు: నాలుగు వారాలు. ఇప్పటిలా ఒకటి రెండు వెనకడుగులు కలిపితే ఆరు. అప్పటికి మీ పొడవైన రన్ 5 కి.మీ. అక్కడి నుంచి చివరి తేలిక వారాలు పోను మిగిలేది ఎనిమిది వారాలు. పొడవైన రన్‌కి వారానికి పది శాతం చొప్పున పెంచితే తేలేది 10.7 కి.మీ. పది శాతం అన్నది శాసనమేమీ కాదు. అయితే 5,200 మంది రన్నర్లను గమనించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, గత 30 రోజుల్లోని పొడవైన రన్ కన్నా పది శాతం మించి ఒక్కసారిగా లాగిన రోజుల్లోనే గాయాలు ఎక్కువగా కనబడ్డాయి. వారం మొత్తం కన్నా ఆ ఒక్క రన్ దూరమే ముఖ్యం అన్నమాట. మరీ ధైర్యం చేసి వారానికి ఒకటి ఒకటిన్నర కి.మీ. చొప్పున, మధ్యలో ఒక వెనక్కి తగ్గే వారంతో పోతే: 6, 7.5, 9, 7.5, 10, 11, 12.5, 14. ఇది ఎక్కడా జారకుండా ఉంటేనే. అక్కడి నుంచి 21.1 అంటే ఒక్కసారిగా సగం ఎక్కువ.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా: ఆగకుండా పరిగెత్తే హాఫ్ ఈసారి కాదు. అదే రేసులో 10 కి.మీ. విభాగం ఉంటే ఇప్పుడే మార్చుకోండి, చాలా రేసుల్లో మార్పుకు గడువు ముందే ముగుస్తుంది. హాఫే కావాలంటే పరుగు, నడక కలిపి. పొడవైన రన్‌లను కూడా 6వ వారం నుంచే అలాగే చేయాలి. అప్పుడు 16, 17 కి.మీ. దాకా వెళ్లడానికి అవకాశం ఉంటుంది, ఎందుకంటే అందులో పరుగు అడుగులు తక్కువ.

4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక లెక్క చూడండి. పరుగు కి.మీ.కి 6:30, నడక కి.మీ.కి 10:00 అయితే సగటు 6:59 దగ్గర పడుతుంది, హాఫ్ 2 గంటల 27 నిమిషాల్లో అయిపోతుంది. ఆగకుండా 6:30తో పరిగెత్తితే 2:17. పోయేది పది నిమిషాలే. రేసు కటాఫ్ (ముగించాల్సిన గడువు) ఎంతో చూసుకోండి, నడక పెంచాల్సి వచ్చినా సరిపోవాలి. నడక మొదటి కి.మీ. నుంచే మొదలవ్వాలి. నొప్పి వచ్చాక నడుద్దాం అనుకుంటే అప్పటికి పిక్క అలసి, భారమంతా టెండన్ మీద పడి ఉంటుంది.

నిర్ణయం రేసు రోజున తీసుకోకండి. 14 రోజుల ముందు తీసుకోండి, ఎందుకంటే ప్రారంభ గీత దగ్గర నిలబడ్డాక ఎవరి మడమా నొప్పి అని చెప్పదు. అప్పటికి ఇవి ఉండాలి: చివరి మూడు పొడవైన రన్‌ల మర్నాడు పొద్దుటి మార్కు 2 లోపు, ఒంటికాలి గెంతులు 20, కాఫ్ రైజ్ తేడా 10 శాతం లోపు, రేసు వేగంతో ఒకసారి 5 కి.మీ., వీటిలో దేనికీ నొప్పి మాత్ర వేసుకోకుండా. ఒక్కటి తగ్గినా 10 కి.మీ., లేదా వచ్చే రేసు.

---

రాత్రి_షిఫ్ట్:

మాత్ర మాట వచ్చింది కనుక. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని రేసు మొదలుపెట్టే అలవాటు చాలామందిలో ఉంది. రెండు నష్టాలు. మీరు 16 వారాలు నమ్ముకున్న కొలత మూగబోతుంది. ఒంట్లో నీరు తగ్గి రెండు గంటలు శ్రమలో ఉన్నప్పుడు కిడ్నీకి రక్తం అందించే ఏర్పాటును ఈ మందులు అడ్డుకుంటాయి. ఎక్కువ నీళ్లు తాగేవాళ్లలో సోడియం పడిపోయే ముప్పును కూడా పెంచుతాయి. మాత్ర లేకుండా మొదలుపెట్టలేని రేసు మొదలుపెట్టకూడని రేసే.

---

మెల్లపరుగు:

హాఫ్ నుంచి 10 కి.మీ.కి మార్పు ఉంది, ఇంకా ఆరు వారాల గడువు. అప్పటికి 30 నిమిషాలు కుదరకపోతే మార్చేస్తాను. చివరిగా ఒకటి: రేసు మధ్యలో నొప్పి వస్తే ఎక్కడ ఆపాలి? ముగిశాక ఏం చేయాలి?

---

పిక్కబలం:

మధ్యలో: 5 లోపు ఉండి, అడుగు తీరు మారకపోతే నడక నిమిషాన్ని రెండు చేసుకుని సాగండి. మార్కు ఎంతైనా సరే, కుంటడం మొదలైతే ఆపాలి. కుంటుతున్నారో లేదో మీకు తెలియదు, చెవులతో వినండి: రెండు పాదాల చప్పుడు వేరు వేరుగా వినిపిస్తే కుంటుతున్నట్టే. దారిలో వైద్య శిబిరాలు, వెనక్కి తీసుకొచ్చే బండి ఏ కి.మీ. దగ్గర ఉంటాయో ముందు రోజే చూసి పెట్టుకోండి, ఆపాల్సిన చోటు తెలిస్తే ఆపడం సులువు.

ముందు: 10 నిమిషాల నడక, మెల్లపరుగు, తర్వాత 15 చొప్పున రెండు సెట్ల కాఫ్ రైజ్‌లు. పిక్కను గట్టిగా సాగదీయకండి. కొత్త బూట్లు, కార్బన్ ప్లేటు బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోకండి, కనీసం నాలుగు రన్‌లలో వాడి ఉండాలి.

తర్వాత: మర్నాడు 5 వచ్చినా గాబరా వద్దు, 48 గంటల్లో ఎటు పోతోందో చూడండి. మూడో రోజు నుంచి తేలిక బరువులు, మార్కు 2కి వచ్చాక మెట్టు 4తో పరుగు. బరువులు మాత్రం వారానికి రెండు రోజులు ఆ తర్వాత కూడా కొనసాగాలి. ఈ గాయం తిరగబెట్టిన వాళ్లను అడిగి చూడండి, నొప్పి పోయిన మూడో వారానికే బరువులు మానేసి ఉంటారు.